ఇల్లాలికొక గడియ

మన సంఘమువారి సంచికలలో మన పూర్వుల వలసలను గూర్చియు, మన కోవెలలను గూర్చియు, మన పిల్లల తెలుగు చదువును గూర్చియు వ్యాసములు వెలువడుట పరిపాటి. ఈ పర్యాయము మేము అంతకంటె చిన్నదిగా కనుపించు విషయము నొకదానిని ఎత్తుకొనుచున్నాము. నెలసరి నిలిచిపోయిన వయస్సున నున్న ఇల్లాలు ప్రతిదినము కొంతకాలమును తన దేహవ్యాయామమునకు కేటాయించుకొనుట తగునా? తగునేని, ఆ కాలము ఆమెకు ఎక్కడనుండి రావలెను? ప్రశ్న ఇంతియే. ఇది వైద్యులకు విడిచిపెట్టదగినదని కొందరనవచ్చును. వైద్యులు చెప్పవలసినది ఇందు సగమే. తక్కిన సగము ధర్మాధర్మములకు సంబంధించినది. ఆ సగమును గూర్చియే మేము ముఖ్యముగా మాటలాడదలచితిమి.

మేము వైద్యులము కాము, పండితులమును కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, బరంపురములో ఒక కార్యాలయమున ముప్పదియైదేండ్లు గుమాస్తా పనిచేసి విశ్రాంతి పొందినవారము. జమాఖర్చులు సరిచూచుట తప్ప మరియొక విద్య మాకు రాదు. అయితే మా యింటి జమాఖర్చులలోనే ఒక పెద్ద పొరపాటు చాలకాలము మా కంటబడలేదు. దానిని ఒప్పుకొనుటతోనే ఈ వ్యాసమును ప్రారంభింతుము.

ఆరేండ్ల క్రిందట, మేమింకను ఉద్యోగములో నున్నప్పుడు, ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట మా ఇల్లాలు మమ్ములనడిగినది: “ఏమండీ, మన వీధిలో ఆడవాళ్లు నలుగురైదుగురు పొద్దున్నే రామలింగం చెరువు చుట్టూ నడవడానికి వెళ్తున్నారు. నేనూ వెళ్లనా?”

“పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటావు కదా! ఇంటి పనిని మించిన వ్యాయామం ఏముంది? అయినా అయిదున్నరకి నువ్వు వెళ్లిపోతే కాఫీ ఎవరు పెడతారు?” అంటిమి.

“సరే లెండి” అన్నది. మరల ఆ మాట ఎత్తలేదు.

మేము కోపముగా అనలేదు, నవ్వుచునే అంటిమి. నవ్వుచు కాదన్న మాటకు ఎదురుచెప్పుట మరింత కష్టమని అప్పుడు మాకు తోచలేదు.

రెండేండ్లు గడచినవి. ఒక వానకాలపు ఉదయమున పెరటిలో గచ్చుమీద ఆమె కాలుజారి పడినది. మెట్లమీదనుండి కాదు, మేడమీదనుండి కాదు. నిలుచున్న చోటనే పడి, చేయి నేలకు ఆనించినది. మణికట్టు విరిగినది. కట్టు కట్టిన వైద్యురాలు ఇంత చిన్న పాటుకు విరుగవలసిన ఎముక కాదని చెప్పి, ఎముకల సాంద్రతను కొలుచు పరీక్ష చేయించినది. టీ-స్కోరు మైనస్ 2.7 అని వచ్చినది. మైనస్ 2.5గాని, అంతకంటె తక్కువగాని వచ్చినచో ఎముకలు గుల్లబారినట్లు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1994వ సంవత్సరములో నిర్ణయించిన కొలత ఇది.

“నెలసరి ఆగి ఎన్నేళ్లయిందమ్మా?” అని వైద్యురాలు అడిగినది.

“ఎనిమిదేళ్లయింది.”

“అప్పటినుంచి వ్యాయామం ఏమైనా చేస్తున్నారా?”

ఆమె ఒకసారి మా వైపు చూచి, “ఇంటి పనే సరిపోతుందమ్మా” అన్నది.

ఆ మాట మాది. మమ్ములను కాపాడుటకు ఆమె దానిని తన మాటగా చెప్పినది. ముప్పదియైదేండ్ల ఉద్యోగములో పైయధికారులు మమ్ములను మందలించిన సందర్భములు లేకపోలేదు. ఏ మందలింపును మమ్ములనంత సిగ్గుపరచలేదు.

ఇక విషయమునకు వత్తము. మన యాచారములను పరికించినచో ఒక విచిత్రము కనుపించును. ఆడపిల్ల పెద్దమనిషియైనప్పుడు మనము వేడుక చేసి, నువ్వులు బెల్లము కలిపి దంచిన చిమ్మిలి పెట్టుదుము. కడుపుతో నున్నప్పుడు సీమంతము చేయుదుము. పురుడు వచ్చినప్పుడు బాలింతకు కాయము పెట్టి, పథ్యము చేయించి, బరువులు ఎత్తనీయక, చలిగాలి తగులనీయక కాపాడుదుము. ఇవన్నియు స్త్రీదేహమునకు వచ్చు మార్పులను ఇల్లు గుర్తించిన గుర్తులు. కాని ఆ దేహమునకే వచ్చు మరియొక గొప్ప మార్పు, నెలసరి నిలిచిపోవుట, ఏ గుర్తింపును లేక గడచిపోవును. వేడుక అక్కరలేదు, కనీసము ప్రత్యేకమైన ఆహారమైనను, జాగ్రత్తయైనను లేవు. వేసవి కానప్పుడు చెమటలు పట్టుచున్నవనియు, నిద్ర పట్టుటలేదనియు ఆమె చెప్పినచో “ఆ వయసులో అంతే” అని ఊరకుందుము.

మన భాషకూడ ఇందుకు తోడైనది. ముట్లుడుగుట అందుము, శక్తి యుడుగుట అందుము, వయసుడిగినదందుము. అన్నిటికిని ఒకే క్రియ. మొదటిది జరిగిన దినముననే తక్కిన రెండును జరిగినట్లు మనము తలచుటలో ఈ మాటపొందికకు కొంత పాలున్నదేమో. నిజమునకు మన దేశమున ఈ మార్పు సగటున 46, 47 ఏండ్ల ప్రాంతమున వచ్చుచున్నది. డెబ్బదియైదేండ్లు జీవించు స్త్రీకి ఆ తరువాత ఇంకను మూడవ వంతునకు మించిన జీవితము మిగిలియున్నది. అంత కాలమును ‘ఉడిగిన’ కాలమని ఎట్లు తోసివేయగలము?

ఆ దశలో దేహములో జరుగునది మాకు తెలిసిన పద్దుల భాషలో చెప్పుదుము. ఎముక రాయివలె మార్పులేనిది కాదు. నిత్యము పాత ఎముక కొంత కరగిపోవుచు, క్రొత్త ఎముక కొంత చేరుచుండును. ముప్పదియేండ్ల ప్రాంతము వరకు జమ ఎక్కువ. ఆపై కొంతకాలము జమయు ఖర్చును ఇంచుమించు సరిపోవును. ఈస్ట్రోజెన్ అను స్రావము స్త్రీలలో ఆ ఖర్చును అదుపులో నుంచును. నెలసరి నిలిచినప్పుడు ఆ స్రావము పడిపోవును, అదుపు తప్పును. మొదటి అయిదేండ్లలోనే ఎముకలో సగటున పదవ వంతు తరుగవచ్చునందురు. కండరములును తరుగుచుండును. ఏ నొప్పియు లేదు గనుక ఈ తరుగుదల ఎవరికిని తెలియదు. మొదటి కబురు ఒక విరుగుడు రూపమున వచ్చును. ఏబదులలో తరచుగా మణికట్టు, డెబ్బదులలో తుంటి. మణికట్టు అతుకుకొనును; తుంటి విరిగినచో అనేకులు మరల మునుపటివలె నడువజాలరు.

శస్త్రచికిత్సచే గర్భాశయముతోపాటు అండాశయములను గూడ తొలగించుకొన్న స్త్రీలకు ఈ దశ ముందుగానే వచ్చును. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తొలగింపబడినవారు దేశమంతట నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మనలో అనేకులకు అక్కడ అక్కచెల్లెండ్రు, వియ్యపురాండ్రు కలరు. కావున ఇది ముసలితనపు మాటయని నలుబదియేండ్ల యిల్లాండ్రుకూడ దాటవేయరాదు.

దీనికి మందులున్నవి, అవి వైద్యులు చెప్పినట్లు పుచ్చుకొనవలెను. ఆహారమున్నది. మన చోళ్ల పిండిలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు, అనగా కాల్షియము, కలదు. చిమ్మిలిలోని నువ్వులలో అంతకంటె ఎక్కువ కలదు. పండ్రెండేండ్ల పిల్లకు పెట్టిన చిమ్మిలి ఏబదియేండ్ల తల్లికిని పెట్టవచ్చునని మన పెద్దలకు తోచియుండినచో బాగుండెడిది. కాని మందును ఆహారమును ఎముకకు సరకు మాత్రమే. ఆ సరకును ఎక్కడ చేర్చవలెనో ఎముకకు తెలుపునది దానిమీద పడు బరువును, దానిని లాగు కండరమును. అదియే వ్యాయామము చేయు పని. కండలను నిలుపుట, తూలిపడకుండ కాపాడుట దాని తక్కిన ప్రయోజనములు.

ఇక్కడ “ఇంటి పనిలో బరువు లేదా? నడక లేదా?” అను మా పాత ప్రశ్నయే మరల వచ్చును. ఆమె చేతికి కట్టు ఉన్న ఆరు వారములు వంటయిల్లు మా పాలబడినది. అలవాటు చొప్పున మేము ఒక నోటుపుస్తకములో ఏ పని ఎంతసేపు పట్టినదో వ్రాసికొంటిమి. దినమునకు తొమ్మిది గంటలు కాళ్లమీద నిలువవలసి వచ్చినది. రాత్రికి నడుము విరిగినట్లుండెను. కాని పుస్తకము తిరగవేసి చూడగా, గుండె కొంచెము వేగముగా కొట్టుకొనునట్లు ఎడతెగక పది నిమిషములు నడచిన సమయము ఒక్కటియు లేదు. పొయ్యికడ నిలుచుట, సింకు కడ వంగుట, నాలుగడుగులు వేసి ఆగుట, మరల వంగుట. ఇంటి పని కదలికయే. ఊరక కూర్చుండుటకంటె మేలనుటలో సందేహము లేదు. అయితే అది ఏండ్ల తరబడి ఒకే బరువు, ఒకే వంపు. ఎముకయు కండయు అలవాటైన బరువునకు మేలుకొనవు. అలవాటును కొంచెము మించిన బరువు కావలెను. ఇంటి పని అలసటను ఇచ్చినంతగా బలము నీయదు. అలసటను చూచి మేము బలమనుకొంటిమి.

“మా నాయనమ్మ ఏ వ్యాయామము చేసినది?” అని కొందరందురు. మా నాయనమ్మయు చేయలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రము కాకమునుపు, బరంపురము మద్రాసు రాజధానిలో నున్న కాలమున ఆమె ఈ యింటికి కాపురమునకు వచ్చినది. ఆమె రోకటితో దంచినది, తిరగలి విసరినది, నూతినుండి నీరు చేదినది. అవి బరువులెత్తుట కాక మరేమి? ఆ పనులు యంత్రములకు పోయినవి, పోవుట మంచిదే, వాని స్థానమున మరియొకటి రాలేదు. మరియు నాయనమ్మను గూర్చి ఒక సంగతి మరువరాదు. కడపటి పదేండ్లు ఆమె నడుము వంగి, నేలను చూచుచు నడచెడిది. మన కథలలోని అవ్వలందరును అట్లే వంగియుందురు గదా! వృద్ధాప్యమున అది సహజమని మేము తలచెడివారము. గుల్లబారిన వెన్నుపూసలు ఒకదానివెంట ఒకటి నలిగిపోవుటవలన ఆ గూని తరచుగా కలుగునని ఇటీవలనే తెలిసికొంటిమి. బలమైన కాలములో కూడ మన అవ్వల వెన్ను విరిగినది, ఎవరును గుర్తింపలేదు.

ఇక ధర్మవిచారము. ఇల్లాలు తనకొరకు కాలము కేటాయించుకొనుటకు మనలో మూడు ఆక్షేపణలు వినవచ్చును.

మొదటిది, అది స్వార్థమని. ఇచ్చట మేము ఒక సంగతిని గుర్తుచేయుదుము. కుమారునికి ఉద్యోగము రావలెనని ఇల్లాలు ఆంజనేయస్వామి కోవెలలో నూటయెనిమిది ప్రదక్షిణములు మ్రొక్కుకొన్నచో ఏ యింటివారును కాఫీ ఆలస్యమైనదని సణగరు. అదే ఇల్లాలు తన ఎముకల కొరకు చెరువు చుట్టు మూడు మార్లు తిరిగెదనన్నచో ఇల్లంతయు కారణమడుగును. నడక ఒక్కటే, కాళ్లును అవియే. భేదమెక్కడ? మొదటి నడక మన కొరకు, రెండవది ఆమె కొరకు. ఇతరుల కొరకైనంతవరకే ఆమె కాలమును మనము మన్నించుచున్నామన్న మాట. స్వార్థమను పేరు ఇందులో ఎవరికి తగునో పాఠకులే నిర్ణయింపగలరు.

రెండవది, దేహము అశాశ్వతము, ఆ వయస్సున దైవచింతన యుండవలెను గాని దేహచింతన యేల యని. ఈ మాట చెప్పు పురుషులలో పలువురు రక్తపోటు మాత్రను గంట తప్పక మ్రింగుటను మేమెరుగుదుము. మేమును వారిలో ఒకరము. ఇల్లును అశాశ్వతమే. అయినను వానకాలమునకు ముందు కప్పు సరిచేయించుకొందుము.

మూడవది, నలుగురు నవ్వుదురని. చీరె మీద బూట్లు తొడుగుకొని నడచు స్త్రీని చూచి నవ్వువారు ఉన్నమాట నిజమే. కాని మన తెలుగువారు బలమును నవ్వుట ఎప్పటినుండి నేర్చిరి? ఉత్తరాంధ్రలోని వీరఘట్టమున పుట్టి, 1942లో మన ఒడిశాలోని బలాంగీరులోనే కన్నుమూసిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు చెప్పగానే మన యెదలు పొంగును. మనకు పొరుగుననే యున్న శ్రీకాకుళము జిల్లాలోని ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీలో బరువులెత్తి కంచు పతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ స్త్రీ యయ్యెను. ఆనాడు మిఠాయిలు పంచిన వీధులు ఈనాడు ఒక ఇల్లాలు రెండు నీళ్ల సీసాలు ఎత్తినచో నవ్వవచ్చునా? వయస్సును గూర్చి యందురేని, కోయంబత్తూరు నివాసిని నానమ్మాళ్ తొంబదియేండ్లు దాటియు యోగాసనములు నేర్పి 2018లో పద్మశ్రీ పొందినది. కేరళలోని వటకరలో మీనాక్షియమ్మ డెబ్బదులలో కళరిపయట్టు నేర్పుచు 2017లో ఆ గౌరవమునే పొందినది.

ఈ మూడు ఆక్షేపణలకంటె మమ్ములను ఎక్కువగా కలవరపెట్టునది ఒక సమర్థన. “ఇల్లాలు ఆరోగ్యముగా నుండవలెను, లేనిచో ఇల్లు ఎట్లు నడచును?” అని సదుద్దేశముతోనే చాలమంది అందురు. ఆస్పత్రి బల్లమీద కూర్చున్ననాడు మా మనస్సునకు మొట్టమొదట తోచినదియు ఇదియే: ‘ఆరు వారములు వంట ఎవరు చేయుదురు?’ ఆమె నొప్పి రెండవదిగా తోచినది. ఇది వ్రాయుటకు చేయి వెనుదీయుచున్నది, అయినను వ్రాయుచున్నాము. పనిచేయునంతవరకే ఎద్దుకు తవుడు పెట్టువానిని మనము దయాళువందుమా? ఇల్లాలు తన మోకాళ్లమీద తాను లేచుట, తన సంచి తాను మోయుట, తనకిష్టమైన చోటికి తాను నడచుట, ఇవి ఆమెకే మేలు. దానివలన ఇంటికి లాభము కలుగవచ్చును, కలుగకపోవచ్చును. కలుగకపోయినను ఆమెకు ఆ హక్కు కలదు. ఈ ఒక్క సంగతిని మనసార ఒప్పుకొననంతవరకు మనము ఆమెకిచ్చు ఆరోగ్యబోధలన్నియు యజమాని తన పనిముట్టునకు నూనె రాచుట వంటివే.

ఒప్పుకొన్నంతమాత్రమునను చాలదు. దీనిని మేము ఆలస్యముగా నేర్చితిమి. కట్టు విప్పి, ఫిజియోథెరపీ ముగిసిన పిమ్మట, “ఇక నువ్వు రోజూ నడకకి వెళ్లు. నాకేం అభ్యంతరం లేదు” అని మేము ఉదారముగా సెలవిచ్చితిమి. ఆమె సంతోషించినది. ఒక నెల గడచినది. ఒకనాడు తెల్లవారుజామున మాకు మెలకువ రాగా, నాలుగున్నరకే వంటయింటిలో దీపము వెలుగుచుండెను. కాఫీ పెట్టి, కూరలు తరిగి, పాలు కాచి, ఆపై నడకకు పోవుచున్నది. మునుపు అయిదింటికి లేచునది ఇప్పుడు నాలుగింటికి లేచుచున్నది. ఆమె గడియ మా యింటి లెక్కలోనుండి రాలేదు. ఆమె నిద్రలోనుండి వచ్చినది.

అనుమతి వేరు, అవకాశము వేరు. ఒక పద్దులో జమ వేయవలెనన్నచో మరియొక పద్దులో ఖర్చు వ్రాయవలెను. ఇది మొదటి సంవత్సరపు గుమాస్తాకు తెలిసిన సంగతి. ఆమెకు అరగంట జమ కావలెనన్నచో ఇంటిలో మరియొకరి పద్దులో అరగంట ఖర్చు పడవలెను. ఎవరి పద్దులో? కేంద్ర ప్రభుత్వ గణాంకశాఖవారు 2024వ సంవత్సరమున జరిపిన కాలవినియోగ సర్వేలో, కూలిలేని ఇంటిపనిలో పాల్గొను స్త్రీ సగటున దినమునకు 289 నిమిషములును, పాల్గొను పురుషుడు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. భేదము 201 నిమిషములు. మేమడుగు అరగంట ఆ భేదములో ఇంచుమించు ఏడవ వంతు. ఇది దానము కాదు. పాత బాకీలో చిన్న వాయిదా.

ఈ వాయిదాను చెల్లించుటలో ఒక మోసమునకు తావున్నది. అత్తగారు నడకకు పోవుటకు వీలుగా ఆమె పని కోడలి నెత్తిన వేసి, ఇల్లు ధర్మముగా నడచుచున్నదని మురియు కుటుంబములు కలవు. అది అప్పు తీర్చుట కాదు, అప్పును మరియొకరి పేర మార్చుట. ఎముకలో జమ ఎక్కువగా పడు కాలము ముప్పదియేండ్ల లోపుననే యని చెప్పితిమి గదా. ఈనాటి కోడలు ఇరువదియేండ్లకు ఆ గచ్చుమీదనే జారిపడునట్లు మనము ఏర్పాటు చేయరాదు. ఆ అరగంట మగవారి పద్దులోనే పడవలెను.

ఎంత వ్యాయామము కావలెనో చెప్పి ముగింతుము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములు ఒక మోస్తరు శ్రమ కలుగునట్లు నడచుటగాని, అట్టి పనిగాని చేయవలెను. వారమునకు రెండు దినములైనను కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెను. 65 ఏండ్లు దాటినవారు మూడు దినములు నిలకడనిచ్చు అభ్యాసములు చేయవలెను. 150 నిమిషములనగా అయిదు దినములు అరగంట చొప్పున. మన పాత లెక్కలో గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు. దానికి ఆరు నిమిషములు చేర్చిన చాలును. నడక మంచిదే గాని నడక ఒక్కటే చాలదు. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయమువారు ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది పెద్దవయసు స్త్రీలపై జరిపిన పరిశోధనలో, నిపుణుల కంటియెదుట వారమునకు రెండు మార్లు అరగంట చొప్పున ఎనిమిది నెలలు బరువులెత్తినవారికి వెన్నెముక సాంద్రత పెరిగినది. ఇంటికడ తేలికపాటి కసరత్తు చేసినవారికి తరిగినది. అంత బరువులు శిక్షకులు లేక ఎత్తరాదు. కాని ఆ వయస్సు ఎముకకూడ ఆజ్ఞ వినుననుటకు ఇది సాక్ష్యము.

మా యింటిలో జరుగునది ఇంతకంటె సాదాగా నుండును. చెరువు చుట్టు నడక. వారమునకు మూడు దినములు, చేతులు ఆనించక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట, గోడ పట్టుకొని మడమలెత్తి దించుట, గోడకు రెండరచేతులు ఆనించి వంగి లేచుట, గోడ ప్రక్కనే ఒంటికాలిపై నిలుచుట, నీళ్ల సీసాలెత్తుట. ఇవియన్నియు ఫిజియోథెరపీ నేర్పినవారు ఆమె స్థితిని చూచి చెప్పినవి. ఎముకలు గుల్లబారినవారు నడుము ముందునకు బాగుగా వంచు ఆసనములు అడుగకుండ చేయరాదు; గుండెజబ్బు, మోకాళ్లవాపు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. నిరుడు చేయించిన పరీక్షలో ఆమె ఎముక పెద్దగా పెరుగలేదు. తరుగుట ఆగినదని వైద్యురాలు చెప్పినది. అందులో మందు పాలెంతయో నడక పాలెంతయో మేము చెప్పలేము. నేలమీదనుండి చేయూత లేక లేచుచున్నది. అది మాత్రము మేము కన్నులార చూచుచున్నాము.

కడపట సంఘ పెద్దలకు ఒక విన్నపము. మన సంఘ భవనము ఉగాదికి, త్యాగరాజ ఆరాధనకు, సర్వసభ్య సమావేశమునకు కళకళలాడును. తక్కిన ఉదయములలో తాళము వేసియుండును. పూర్వము మన ప్రాంతములలో మగపిల్లలకు సాముగరిడీలుండెడివి. వానిలో స్త్రీలకు చోటు లేకుండెను. చెరువు గట్టు వానకాలములో జారును, వేసవిలో కాలును. ఉదయము అయిదున్నర మొదలు ఏడింటివరకు భవనమును మన స్త్రీల కొరకు తెరచి, నాలుగు చాపలు, పది గట్టి కుర్చీలు వేయించి, వారమునకొకనాడు తెలిసినవారిచేత నేర్పించినచో ఖర్చు స్వల్పము. తాళపుచెవిని వారికే అప్పగింపుడు. ఆ వేళకు తలుపు తెరచి ఊడ్చు పనిని మాత్రము మావంటి విశ్రాంత గుమాస్తాలకు అప్పగింపుడు. ఆ జాబితాలో మొదటి పేరు మాది వ్రాసికొనవచ్చును.

కాఫీ పెట్టుట మేము నేర్చితిమి. మూడేండ్లయినను అది ఆమెకు నచ్చలేదు. చెరువు గట్టునుండి వచ్చి, బూట్లు విప్పి, ఒక గుక్క త్రాగి, “రేపు డికాషను కాస్త చిక్కగా తీయండి” అనును. రేపునకూడ నడకకు పోవుదునని ఆ మాటలో నున్నది గనుక, మేము చిన్నబుచ్చుకొనక అట్లే యని తల యూపుచుందుము.